పొరుగువాని గడప
(యూదుల ప్రాయశ్చిత్త దినము బోధించు నీతి)

సంవత్సరమున కొక్క దినము ఇజ్రాయేల్ దేశమందలి ప్రసారకేంద్రములు మౌనము వహించును. రేడియో పలుకదు, టెలివిజను తెర వెలుగదు. విమానాశ్రయము మూతపడును. రాజమార్గములపై మోటారు వాహనములు దాదాపు కానరావు. ఆ నిర్జన వీథులలో పిల్లలు సైకిళ్లు త్రొక్కుచు కేరింతలు కొట్టుచుందురు. ఆ దినమునకు యోం కిప్పూర్ అని పేరు. అనగా ప్రాయశ్చిత్త దినము. యూదుల పంచాంగమున తిష్రీ మాసము పదవనాడు వచ్చు ఈ పర్వము మన లెక్కకు సెప్టెంబరులోనో అక్టోబరులోనో పడును. ముందునాటి సూర్యాస్తమయము మొదలు మరునాటి రాత్రి నక్షత్రములు పొడచూపు వరకు, సుమారు 25 గంటలు, నిష్ఠాపరులైన యూదులు అన్నము ముట్టరు, నీరు త్రాగరు, స్నానము చేయరు, తోలు చెప్పులు తొడుగరు. ప్రార్థనా మందిరమందే పగలెల్ల గడపుదురు. రోగులకు మాత్రము ఈ నియమము లేదు. ప్రాణమునకు ముప్పు కలుగునపుడు ఉపవాసము విడుచుటయే ధర్మమని వారి శాస్త్రము.

ఏకాదశీ వ్రతమును, రంజాను ఉపవాసమును, క్రైస్తవుల తపస్సు కాలమును ఎరిగిన మన తెలుగు కుటుంబములకు ఇట్టి పర్వము వింతగా తోచదు. యూదులును మన దేశమునకు క్రొత్తవారు కారు. కొచ్చిన్‌లోని పరదేశి ప్రార్థనా మందిరము 1568లో కట్టబడినది. కొంకణ తీరమున వెలసిన బెనె ఇజ్రాయేల్ శాఖవారు ఈ పర్వమును మరాఠీలో తలుపులు మూసుకొను పండుగ అను అర్థము వచ్చు పేరుతో పిలిచెడివారు. ఆనాడు తెల్లని వస్త్రములు ధరించి గృహములందే ఉండెడివారు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిం అను పేర యూదాచారములను అవలంబించు తెలుగు కుటుంబములును కలవు.

అయినను ఈ ప్రసంగమున మేము పర్వాచారములను వర్ణింపబూనలేదు. ఆ పర్వము వెనుకనున్న ఒక్క సూత్రమును మాత్రమే విచారింపదలచితిమి. అది యూదులకే కాక, తోడి మానవునితో కలిసి బ్రతుకు ప్రతివానికిని పనికివచ్చు సూత్రము.

ఉపవాసముండి, కన్నీరు కార్చి, దైవమును వేడుకొన్నచో పాపములన్నియు తొలగిపోవునని సామాన్యముగ అనుకొందుము. యూదుల ధర్మశాస్త్రము ఈ భావమునకు గట్టి అడ్డుకట్ట వేసినది. క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా అను గ్రంథమున ఈ పర్వమును గూర్చి ఒక ప్రకరణము కలదు. దాని చివర పాపములు రెండు విధములని విభజించిరి. మొదటివి మనుష్యునికిని దేవునికిని నడుమ జరిగినవి. వానికి ఈ దినము ప్రాయశ్చిత్తము కాగలదు. రెండవవి మనుష్యునికిని మనుష్యునికిని నడుమ జరిగినవి. నష్టపడినవానిని సమాధానపరచువరకు ఈ దినము వానిని తుడిచివేయజాలదు. పొరుగువాని సొమ్ము అపహరించి దేవుని సన్నిధిని ఎంత ఏడ్చినను ప్రయోజనము లేదు. దారి పొరుగువాని గడప మీదుగానే పోవలెను.

ఈ మాటలో నెంత సాహసమున్నదో కొంచెము ఆలోచింపుడు. సర్వశక్తుడని తాము నమ్మిన దేవునికి సైతము, అన్యాయమునకు గురియైన ఒక సామాన్యుని బదులుగా క్షమించు అధికారము లేదని ఆ పండితులు నిర్ణయించిరి. బీదరాలైన పనిమనిషిని యజమాని దూషించెననుకొందము. ఆ దోషమునకు క్షమాభిక్ష పెట్టగలిగినది ఆమె యొక్కతెయే. పురోహితుడు గాని, న్యాయాధిపతి గాని, దైవము గాని ఆమెను దాటిపోవుటకు వీలులేదు.

ఈ భావము మిష్నాతోనే పుట్టలేదు. దాని మూలము లేవీయకాండమందు కనబడుచున్నది. ఆ గ్రంథము 16వ అధ్యాయమున ప్రాయశ్చిత్త దినపు పురాతన విధి వర్ణింపబడినది. ప్రధాన యాజకుడు రెండు మేకలను తెచ్చి చీట్లు వేయును. ఒకటి బలియగును, రెండవదానిపై ప్రజల పాపముల నొప్పుకొని దానిని అరణ్యమునకు తోలివేయుదురు. ఒకరి తప్పును మరియొకరి నెత్తిన వేయు సందర్భములో ‘బలిపశువు’ అని మన మనుమాట ఈ రెండవ మేకను తలపించును. కాని అదే గ్రంథమున 6వ అధ్యాయమును చదివినచో వేరొక సంగతి తెలియును. ఒకడు దోచుకొన్నను, దాచుమని యిచ్చిన సొమ్మును కాజేసినను, దొరికిన వస్తువును దాచి అబద్ధమాడినను, ముందు ఆ మూలధనమును, దానిపై అయిదవ వంతును కలిపి సొంతదారునకు చెల్లింపవలెను. బలిపీఠము దగ్గరకు పోవుట ఆ తరువాతి మాట. ముందు బాకీ, పిమ్మట బలి.

క్రీ.శ. 70లో రోమను సైన్యము యెరూషలేము దేవాలయమును నాశనము చేసెను. మేకలు లేవు, బలిపీఠము లేదు, ప్రధాన యాజకుడు లేడు. అప్పుడు యూదులకు మిగిలినవి ప్రార్థన, దానము, పశ్చాత్తాపము. పశ్చాత్తాపమునకు వారి హీబ్రూ భాషలో తెషువా అని పేరు. దాని ధాత్వర్థము తిరిగివచ్చుట. తప్పుదారిన పోయినవాడు తాను వచ్చిన త్రోవనే వెనుకకు నడచి రావలెనని భావము. మనసులో కుమిలిపోవుటతో అది ముగియదు. కాళ్లతో నడువవలసిన పని యది.

పర్వదినమున చదువు పాఠములును ఈ యర్థమునే బలపరచుచున్నవి. ఉదయమున యెషయా ప్రవక్త గ్రంథమునుండి యొక భాగము చదువుదురు. పనివాండ్రను పీడించుచు ఉపవాసముండువారిని ఆ ప్రవక్త నిలదీయును. బంధింపబడినవారిని విడిపించుట, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, దిక్కులేనివానికి నీడ నిచ్చుట, ఇదియే దేవుడు కోరిన ఉపవాసమని బోధించును. ఆకలితోనున్న ప్రజల యెదుట, ఆకలిగా నుండుట మాత్రమే చాలదను పాఠమును చదివించుట ఎంత చక్కని యేర్పాటు!

సాయంకాలమున యోనా కథ వినిపింతురు. చేప కడుపున మూడుదినములుండిన ప్రవక్తగా యోనా లోకమున ప్రసిద్ధుడు. కాని ఆ కథకు గుండెకాయ నీనెవె నగరము. ఆ పురము నశింపనున్నదని ప్రవక్త చాటగా రాజు మొదలు ప్రజలందరును గోనెపట్టలు కట్టి ఉపవసించిరి; చేతులలోని బలాత్కారమును విడిచిరి. దేవుడు వారి గోనెపట్టలను చూచెనని గాని, ఉపవాసమును చూచెనని గాని అచ్చట చెప్పలేదనియు, వారి క్రియలను చూచెననియే చెప్పబడినదనియు మిష్నా పండితులు ఎత్తిచూపిరి. దొంగిలించిన దూలమును ఇంటి కప్పులో బిగించినవాడు, కప్పును కూలదోసియైనను ఆ దూలమును సొంతదారునకు తిరిగి యిచ్చెనని తాల్ముద్ గ్రంథము నీనెవె వారిని గూర్చి చెప్పుచున్నది.

అయితే ప్రతివాడును ఇల్లు కూల్చుకొనవలెనన్నచో పశ్చాత్తాపమునకు పూనుకొను వాడెవడు? ఈ చిక్కును ఆ పండితులు గుర్తింపకపోలేదు. కట్టడములో చేరిపోయిన దూలమునకు వెల కట్టి యిచ్చినచో చాలునని వారు సడలింపు కలిగించిరి. మంచిదారికి రాదలచినవానికి ద్వారము మరీ ఇరుకు కారాదని వారి యుద్దేశము. నష్టపడినవానికి న్యాయము, తప్పుచేసినవానికి దారి, ఈ రెండింటిని సరితూచుటకు వారు పడిన శ్రమ ఇచ్చట తెలియుచున్నది.

12వ శతాబ్దిలో ఈ విషయమును సుబోధకముగ క్రమపరచినవాడు మోషే బెన్ మైమోన్. మైమొనిడీస్ అని లోకము పిలుచు ఈ పండితుడు స్పెయిన్‌లోని కార్డోవాలో జన్మించి ఈజిప్టునందు వైద్యుడుగా జీవించెను. ఆయన చెప్పిన క్రమమిది. ముందు తప్పును మానవలెను. చేసినదానిని నోరార పేరు పెట్టి ఒప్పుకొనవలెను. ఇక చేయనని నిశ్చయించుకొనవలెను. నష్టము కలిగియున్నచో దానిని చెల్లింపవలెను. చెల్లించిన పిమ్మటను ఆ మనిషి కడకు పోయి క్షమింపుమని వేడవలెను. నొప్పించినది మాటతోనే యైనను ఈ నియమము తప్పదు. అతడు ఒప్పుకొననిచో ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకొని మరల పోవలెను. అట్లు మూడు పర్యాయములు పోవలెను. ఆ మనిషి మరణించియున్నచో పదిమందిని తోడ్కొని సమాధి కడకు పోయి వారి సమక్షమున తప్పు చెప్పుకొనవలెను. సొమ్ము బాకీయున్నచో వారసులకు ఈయవలెను. పశ్చాత్తాపము పూర్ణమైనదని తెలియుటెట్లు? అదే అవకాశము, అదే శక్తి, అదే కోరిక మరల ఎదురైనపుడు, భయముచేత గాక, తనంతట తాను ఆ పని చేయకుండుటయే పరీక్షయని ఆయన నిర్ణయము.

ఈ క్రమమును నేటి మన జీవితమున కన్వయించి చూతము. పర్వదినము రాగానే, తెలిసియో తెలియకయో ఎవరినైనను నొప్పించియున్నచో క్షమింపుడని ఒక్క సందేశమును నూరుగురికి టెలిఫోను మీద పంపు అలవాటు ఈనాడు పలుచోట్ల కలదు. మర్యాదకు అది మంచిదే. కాని మైమొనిడీస్ కొలతకు అది నిలువదు. ఎవరిని నొప్పించితిమో అందు లేదు. ఏమి చేసితిమో అందు లేదు. నొప్పించియున్నచో అను మాటలోనే సందేహము దాగియున్నది. అన్నదమ్ములు పొలము గట్టు విషయమై పదియేండ్లుగా మాటలాడుకొనకున్నచో, ఆ సందేశము గట్టును ఒక్క అంగుళమైనను జరుపలేదు. గట్టు జరిపినవాడు గట్టు దగ్గరకే పోవలెను.

మరియొక చిక్కు కలదు. నష్టపడిన దెవరో తెలియనిచో ఏమి చేయవలెను? పాలలో నీళ్లు కలిపినవాడు ఏ యింటి బిడ్డకు ఎన్ని గిన్నెల పాలు తక్కువ చేసెనో లెక్కింపగలడా? దొంగతూకము వేసినవాడు, కాలువలోనికి మురికిని వదలిన కర్మాగారమువాడు ఎందరి గడపలు త్రొక్కగలరు? ఈ ప్రశ్నయును తాల్ముద్ గ్రంథమున కలదు. ప్రజల సొమ్మును అన్యాయముగ వసూలు చేసిన పన్నుల అధికారులను గూర్చి అది విచారించుచు, తెలిసినవారికి తెలిసినంత తిరిగి యీయవలెననియు, మిగిలినదానితో నీటి తొట్లు, బావులవంటి ప్రజోపయోగమైన పనులు చేయింపవలెననియు చెప్పెను. బావి నీరు అందరును త్రాగుదురు. నష్టపడినవారును వారిలో నుందురు. కాని మొదటి మెట్టును దాటి రెండవ మెట్టునకు ఎక్కరాదు. ఎదుటి యింటివానికి బాకీపడి, ఊరి చెరువుకు మెట్లు కట్టించి కీర్తి పొందుట ఈ ధర్మము కాదు.

నిందావాక్యము అన్నిటికంటె కష్టమైనది. కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనలేమని మన పెద్దలందురు. ఇప్పుడు వ్రేలు జారినను అంతియే. ఒకరిని గూర్చిన అపవాదు క్షణములో వేయి టెలిఫోనులకు చేరును. 1873లో హాఫెత్స్ హయీం అను గ్రంథమున చాడీల విషయమునంతయు విచారించిన ఇశ్రాయేల్ మేయిర్ కగాన్ పండితుడు, నిందితుని కడకు పోయి తప్పు ఒప్పుకొనుట విధియని వ్రాసెను. అతని కంటె పెద్దవాడైన ఇశ్రాయేల్ సలాంతర్ పండితుడు దీనికి సమ్మతింపలేదని ప్రసిద్ధి. తన్ను నిందించిన సంగతియే ఎరుగనివానికి ఇప్పుడు పోయి చెప్పినచో అతనికి క్రొత్త గాయము కలుగును గదా. మన మనశ్శాంతికొరకు అతని మనసును నొప్పించుట తగునా అని ఆయన వాదము. ఈ రెండు పక్షములలో ఏది సరియో ప్రతి సందర్భమున తూచి చూడవలసినదే. కాని రెండింటిలోను ఒకే ప్రశ్న యున్నది: మనము క్షమాపణ కోరుట అతని మేలుకా, మన తేలికకా?

అంతమాత్రమున భారమంతయు తప్పుచేసినవానిపైననే లేదు. నొచ్చినవానికిని విధులు కలవు. పగను హృదయమున దాచుకొనక ఎదుటివానితో ముఖాముఖి చెప్పుమని లేవీయకాండము 19వ అధ్యాయము ఆదేశించుచున్నది. మనఃపూర్వకముగ మూడుమారులు వేడినను కరగనివానిని మైమొనిడీస్ పాపిగానే లెక్కించెను. మంచిదారికి వచ్చినవానికి అతని పూర్వపు నడతను జ్ఞప్తిచేసి ఎత్తిపొడువరాదని మిష్నా మరియొకచోట నిషేధించినది. శిక్ష ననుభవించి చెరసాలనుండి వచ్చినవానికి పని యీయక వెంటాడు లోకమునకు, ఇరువదియేండ్లనాటి పొరపాటును వెదకి తీసి ప్రచారము చేయు ఈ కాలమునకు ఈ నిషేధము చక్కగా వర్తించును.

ఒకరి బదులు మరియొకరు క్షమింపగలరా అను ప్రశ్న యొక్కటి మిగిలినది. బ్రిస్క్ పట్టణపు సుప్రసిద్ధ పండితుడైన హయ్యీం సొలొవేచిక్‌ను గూర్చి అబ్రహాం జాషువా హెషెల్ చెప్పిన కథ యొకటి కలదు. ఆ పండితుడు రైలులో పోవుచుండగా తోడి ప్రయాణికులగు వర్తకులు పేకాటకు పిలిచిరి. ఆయన రానందున ఒకడు కోపించి ఆయనను పెట్టెలోనుండి వెడలనడపెను. ఊరు చేరిన తరువాత ఆయన ఎవరో తెలిసి, ఆ వర్తకుడు పలుమారులు వచ్చి క్షమింపుమని వేడెను. ఆయన ఒప్పుకొనలేదు. కుమారుడు కారణమడుగగా, అతడు అవమానించినది పండితుడైన నన్ను కాదు, ఎవరో అనామకుడనుకొని ఒక సామాన్యుని అవమానించెను, పోయి ఆ సామాన్యునే అడుగుమనుము అని ఆయన భావము చెప్పెను. గొప్పవారికి క్షమాపణ చెప్పుట సులభము. పేరు లేనివానికి చెప్పుటయే కష్టము.

ఈ కథను హెషెల్ చెప్పినది వినోదమునకు కాదు. సైమన్ వీసెంథాల్ నాజీల నిర్బంధశిబిరమున ఖైదీగా నుండగా, మరణశయ్యపైనున్న ఒక నాజీ సైనికుడు ఆయనను పిలిపించుకొనెను. యూదులను ఇంటిలో మూసి తగులబెట్టిన ఘోరములో తాను పాల్గొంటినని చెప్పి, యూదుడవైన నీవు క్షమింపుమని కోరెను. వీసెంథాల్ మారుపలుకక వెడలిపోయెను. తాను చేసినది సరియా అని 1969లో ప్రకటించిన ‘సూర్యకాంతి పుష్పము’ అను గ్రంథమున ఆయన లోకమును ప్రశ్నించెను. హెషెల్ ఇచ్చిన సమాధానమే పై కథ. దగ్ధమైనవారి బదులు క్షమించు హక్కు బ్రతికియున్నవారికి లేదని దాని సారము.

దేశముల నడుమను ఇదే చిక్కు వచ్చెను. 1951 సెప్టెంబరు 27న పశ్చిమ జర్మనీ ప్రధాని కొన్రాడ్ అడెనౌవర్ శాసనసభలో, జర్మను ప్రజల పేర జరిగిన ఘోరములకు నష్టపరిహారము ఈయవలసియున్నదని ప్రకటించెను. ఆ ధనమును ముట్టరాదని 1952 జనవరిలో యెరూషలేమున గొప్ప అలజడి చెలరేగెను. చివరకు ఆ సంవత్సరము సెప్టెంబరు 10న లక్సెంబర్గులో ఒడంబడిక కుదిరినది. ఇజ్రాయేల్‌కు 300 కోట్ల మార్కులు ఇచ్చుటకు జర్మనీ అంగీకరించెను. ఆ చెల్లింపునకు హీబ్రూలో వాడిన మాటలో క్షమించితిమను అర్థము రాకుండ జాగ్రత్తపడిరి. దోచిన సొమ్ము మరలవలసినదే. మరలినంత మాత్రమున మృతులు క్షమించినట్లు కాదు. పురాతన మిష్నా వాక్యము ఆధునిక రాజ్యముల లావాదేవీలోను పనిచేసినది.

ఈ పర్వదినమున ప్రార్థనా మందిరమందు పాపములనొప్పుకొను పాఠము పలుమారులు చదువుదురు. అది హీబ్రూ అక్షరక్రమమున సాగును. అందు నేను అను మాట లేదు. మేము చేసితిమి, మేము అన్యాయపడితిమి అనియే ఉండును. దొంగతనము నెరుగనివాడును ఆ మాట పలుకును. తాను చేయకున్నను తన యెదుట జరిగినదానిని చూచి మిన్నకుంటినేమో అని తన్ను తాను తరచి చూచుకొనుటకే అది. కాని ఆ మేము అను గుంపులో దాగుటకు వీలులేకుండ, పర్వమునకు ముందే ఒంటరిగ పొరుగువాని యింటికి పోవలసిన విధి కలదు.

మన దేశమున జైనులు పర్యూషణ పర్వాంతమున ఒకరినొకరు క్షమాపణ వేడుదురు. రంజాను పండుగనాటి ఆలింగనములో ఎన్నియో పాత కలతలు కరగిపోవును. ఉగాదికో సంక్రాంతికో మనమును ఇల్లంతయు కడిగి, పాత సామానును బయట పారవేయుదుము. ఆ దినములలోనే, మనము తప్పుచేసిన ఒక్క మనిషి పేరును జ్ఞప్తికి తెచ్చుకొందము. సామాన్యముగ అట్టి పేరు వెదకవలసిన పనియుండదు, తలచినంతనే తోచును. ఇంట పనిచేయు మనిషికి ఎగవేసిన కూలియో, చెల్లెలికి ఈయని పుట్టింటి భాగమో, నలుగురిలో చిన్నబుచ్చిన తోడి ఉద్యోగియో కావచ్చును. బాకీయున్నచో బాకీని, దానిపై కొంత చేర్చి, చేతబట్టుకొని పోవలెను. చేసినది ఇదియని స్పష్టముగ చెప్పవలెను. కాని, అయితే, ఒకవేళ అను మాటలను ఇంటివద్దనే విడిచిపోవుట మంచిది. తలుపు తెరువబడకపోవచ్చును. అప్పుడు మరల పోవలెను. యూదుల పండితులు మూడుమారులనిరి.